జిల్లా ఉద్యోగాల అంచనా రాసే ముందు: జిల్లా నైపుణ్య కమిటీలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా కలెక్టర్లకు, జిల్లా నైపుణ్య కమిటీల సభ్యులకు, ముఖ్య ప్రణాళికాధికారులకు, ఉపాధి కల్పనాధికారులకు నమస్కారం.

2018లో మొదలైన కేంద్ర నైపుణ్య పథకం సంకల్ప్ కలెక్టరు అధ్యక్షతన జిల్లా నైపుణ్య కమిటీలను నిలబెట్టి, జిల్లా నైపుణ్యాభివృద్ధి ప్రణాళిక తయారు చేసే బాధ్యతను వాటికి అప్పగించింది. ఆ ప్రణాళికలో రాబోయే ఏళ్లలో జిల్లాలో ఏ పనులకు గిరాకీ ఉంటుందో చెప్పే అధ్యాయం ఒకటి ఉంటుంది. ఈ లేఖ ఆ అధ్యాయం గురించే. రాష్ట్ర నిరుద్యోగ రేటు, కుదిరిన ఎంఓయూల (పెట్టుబడి అవగాహన ఒప్పందాల) జాబితా, ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నవారి సంఖ్య, చివర్లో "ఐటీ, పర్యాటకం, లాజిస్టిక్స్ రంగాల్లో అపార అవకాశాలు" అన్న వాక్యం. ఇంతవరకే రాస్తే పదో తరగతి పాసైన పిల్లవాడు ఐటీఐలో ఫిట్టర్‌లో చేరాలా, డీజిల్ మెకానిక్‌లో చేరాలా అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. కొత్త సర్వే లేకుండా, కన్సల్టెంటును పెట్టుకోకుండా, మీ కార్యాలయాల చుట్టూ ఇప్పటికే ఉన్న లెక్కలతో ఆ జవాబు రాయవచ్చు. ఎలాగో, ఎక్కడ దారి తప్పుతుందో ఇక్కడ చెబుతున్నాం.

మొదట నిరుద్యోగ రేటు సంగతి. దేశంలో ఈ లెక్కకు ఆధారం కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక శక్తి సర్వే, 2017 ఏప్రిల్‌లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్. అది మనిషి పనిని రెండు రకాలుగా చూస్తుంది. "సాధారణ స్థితి" లెక్కలో గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం ఏం చేశాడన్నది ముఖ్యం. ఎక్కువ కాలం ఖాళీగా ఉన్నా, 30 రోజులకు తగ్గకుండా ఏదో ఒక పని చేస్తే అనుబంధ పని కింద పనివాడిగానే లెక్కకు వస్తాడు. "వారపు స్థితి" లెక్కలో గడిచిన ఏడు రోజుల్లో ఒక్క రోజు ఒక్క గంట పనిచేసినా చాలు. ఈ రెండు లెక్కల రేట్లూ ఒకటి కావు. 2023-24 వార్షిక నివేదిక చెప్పిన 3.2 శాతం సాధారణ స్థితి రేటు. 2025 నుంచి ప్రతి నెలా వస్తున్న బులెటిన్‌లో ఉండేది వారపు స్థితి రేటు. ఈ రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి "నిరుద్యోగం పెరిగింది" అని రాస్తే ఆ పెరుగుదల నిర్వచనంలో ఉన్నదే తప్ప ఊళ్లో ఉన్నది కాదు.

అంతకన్నా ముఖ్యమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. పేదవాడికి నిరుద్యోగిగా ఉండే స్తోమత ఉండదు. పస్తులుండలేక దొరికిన పని చేస్తాడు, లెక్కలో పనివాడవుతాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో తెచ్చిన భారత ఉపాధి నివేదిక ప్రకారం 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, పట్టభద్రులైన యువతలో 29.1 శాతం. కాబట్టి కరవు మండలంలో రేటు తగ్గడం మంచి వార్త కానక్కర్లేదు. డిగ్రీ కాలేజీలు ఎక్కువున్న పట్టణంలో రేటు పెరగడం పనులు పోయినందుకే అనీ చెప్పలేం. గ్రూప్స్‌కు, డీఎస్సీకి గదుల్లో కూర్చొని చదువుతున్నవాళ్లు ఏ గడిలో పడతారన్నది అడిగే ప్రశ్నను బట్టి మారుతుంది. పని వెతుకుతున్నా, దొరికితే చేస్తానన్నా సర్వేలో కోడ్ 81, అంటే నిరుద్యోగి. విద్యాసంస్థలో చదువుతున్నానంటే కోడ్ 91, అంటే శ్రామిక శక్తిలోనే (పనిచేసేవారు, పని వెతికేవారిలోనే) లేడు. నోటిఫికేషన్ పడిన ఏడాది, పడని ఏడాది మధ్య జిల్లా రేటు ఊగడానికి ఇదొక్కటే సరిపోతుంది.

మహిళల లెక్క మరీ జాగ్రత్తగా చదవాలి. 2017-18లో 23.3 శాతం ఉన్న మహిళా శ్రామిక శక్తి భాగస్వామ్యం 2023-24కి 41.7 శాతానికి చేరింది. ఇది పెద్ద మార్పే. అయితే అదే కాలంలో మొత్తం పనివాళ్లలో స్వయం ఉపాధి వాటా 52.2 నుంచి 58.4 శాతానికి పెరిగింది. స్వయం ఉపాధి అంటే సొంత దుకాణం పెట్టుకున్నవారే కాదు. ఇంటి సేద్యంలో, ఇంటి కొట్టులో జీతం లేకుండా చేసే సాయం కూడా కోడ్ 21 కింద అందులోకే వస్తుంది. మీ నివేదికలో "మహిళల ఉపాధి పెరిగింది" అని రాసేటప్పుడు నెల జీతం, రోజుకూలి, సొంత పని, జీతం లేని ఇంటి పని అని నాలుగు ముక్కలు చేసి రాయండి. నాలుగోది పెరిగి మొదటిది కదలకపోతే నైపుణ్య కేంద్రానికి అందులో ఉన్న సమాచారం వేరు.

ఇక జిల్లా స్థాయికి దిగితే శాంపిల్ సరిపోదు. 2025 జనవరి నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్‌ను విస్తరించారు. సర్వే చేసే కుటుంబాలు ఏడాదికి లక్ష చిల్లర నుంచి 2.72 లక్షలకు పెరిగాయి, శాంపిల్ ఎంపికకు జిల్లాను ప్రాథమిక భాగంగా తీసుకున్నారు. దీన్ని చూసి "ఇక మా జిల్లా రేటు మాకు దొరికినట్టే" అనుకోవడం తొందరపాటు. దేశంలో జిల్లాలు 780 దాకా ఉన్నాయి. సగటున జిల్లాకు 350 కుటుంబాలు. ఇంటికి ఇద్దరు శ్రామికులనుకుంటే 700 మంది. అందులో 4 శాతం నిరుద్యోగులని తేలితే, ఇళ్లను గుంపులుగా ఎంచుకోవడం వల్ల వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత) రెట్టింపవుతుందని తీసుకొని లెక్కకడితే, అసలు రేటు 2 నుంచి 6 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండేళ్లను పోల్చాలంటే తేడా దాదాపు 3 పాయింట్లు దాటితే తప్ప నిజంగా మార్పు వచ్చిందని చెప్పలేం. 4 శాతం 6 శాతమైందని పత్రికా ప్రకటన ఇచ్చి, మరుసటి ఏడాది 3.5 కాగానే శ్రేయస్సు ప్రకటించుకోవడం రెండూ అదే తప్పు. జిల్లా అంకె వాడాల్సే వస్తే రెండు మూడేళ్లవి కలిపి సగటు తీయండి, పక్కనే హెచ్చుతగ్గుల హద్దులు వేయండి. లేదంటే నాలుగైదు పొరుగు జిల్లాలను కలిపి చూపండి.

పొరుగు జిల్లాలంటే సరిహద్దుల సంగతి వస్తుంది. 2011 జనగణన పట్టికలు ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలవి. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో 31, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. పాత జిల్లా పేరునే కొత్త జిల్లా మోస్తున్నచోట్ల ప్రమాదం ఎక్కువ. పాత గుంటూరు అంకెను కొత్త గుంటూరు అంకెతో పోలిస్తే పల్నాడు, బాపట్లకు వెళ్లిన మండలాలన్నీ "ఉపాధి పతనం"గా కనిపిస్తాయి. మండలాలు కూడా చీలాయి కనుక మండలాన్ని నమ్ముకోవద్దు. జనగణనలోని గ్రామం కోడ్ పట్టుకొని పాత పట్టికను కొత్త జిల్లాకు కూడుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఒకసారి చేస్తే చాలు. ఏడో ఆర్థిక గణన ఫలితాలు బయటికి రాలేదు కనుక ఊరూరా సంస్థల లెక్కకు 2013-14 నాటి ఆరో గణనే ఇప్పటికీ ఆధారం. అందువల్ల ఈ పని తప్పదు.

ఉద్యోగం కోసం తిరిగేవాడికి జిల్లా గీత కనిపించదు. పైడిభీమవరం ఫార్మా యూనిట్లు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నాయి, విజయనగరం వైపు ఊళ్లకూ అవి అందుబాటులోనే ఉంటాయి. శ్రీసిటీకి తమిళనాడు సరిహద్దు పక్కనే. పెనుకొండ, హిందూపురం బెల్టు ఒక చేయి బెంగళూరు వైపు చాపి ఉంటుంది. పటాన్‌చెరు పరిశ్రమలు సంగారెడ్డి జిల్లా లెక్కలోకి వస్తాయి, పనివాళ్లలో చాలామంది ఉండేది హైదరాబాద్ అంచుల్లో. బ్రిటన్‌లో ఇలాంటిచోట్ల పాలనా హద్దులను పక్కనపెట్టి, ఒక ప్రాంతంలో ఉండేవారిలోనూ పనిచేసేవారిలోనూ నాలుగింట మూడొంతుల మంది ఆ ప్రాంతంలోనే సర్దుకునేలా గీత గీసి దాన్ని ప్రయాణ ప్రాంతమంటారు. మన దగ్గర అంత లెక్క అక్కర్లేదు. ఫ్యాక్టరీల బస్సులు ఏయే ఊళ్ల నుంచి, ఏ షిఫ్టుకు, ఎన్ని సీట్లతో వస్తాయో యాజమాన్యాలను అడిగి ఒక మ్యాపు మీద వేయండి. దానికి ఆర్టీసీ నెలవారీ పాసుల లెక్క కలపండి. ఒక మండలం యువతకు నిజంగా అందుబాటులో ఉన్న పనిచోట్లేవో ఆ ఒక్క కాగితంతో తేలిపోతుంది. రాత్రి పదికి షిఫ్టు ముగిసే యూనిట్‌కు ఆ వేళకు బస్సు లేకపోతే, అక్కడి ఖాళీలు ఆ ఊరి ఆడపిల్లల ఖాతాలో వేయకండి.

నిరుద్యోగ రేటు ఇలా జిల్లాకు పనికిరాకపోతే దేన్ని పట్టుకోవాలి? మా సలహా: నిల్వను వదిలి రాకపోకలను లెక్కించండి. ఎంతమంది ఖాళీగా ఉన్నారన్నది మీకు ఎప్పటికీ సరిగ్గా తెలియదు. ఎంతమంది పనిలో చేరారు, ఎంతమంది మానేశారు, ఎంతమంది నిలిచారన్నది మాత్రం కాగితాల మీద ఉంది.

అన్నిటికంటే మంచి కాగితం భవిష్యనిధి (పీఎఫ్). 20 మంది, అంతకుమించి పనివాళ్లున్న సంస్థలకు ఈపీఎఫ్ వర్తిస్తుంది. సంస్థ ప్రతి నెలా చలానాతో పాటు ఎంతమందికి కట్టిందో దాఖలు చేస్తుంది. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే ఏ వేతన నెలకు ఎంతమందికి సొమ్ము జమైందో ఎవరైనా చూడొచ్చు. జిల్లాలో పేరున్న 60, 70 సంస్థలను ఎంచుకొని మూడు నెలలకోసారి ఆ సంఖ్య ఒక పట్టికలో రాసుకుంటూ పోతే, ఖర్చు లేకుండా మీకొక ఉపాధి సూచీ తయారవుతుంది. ఇద్దరు గుమస్తాలకు రెండు రోజుల పని.

ఈ లెక్కలో పొరపాట్లు వచ్చేచోట్లు తెలిసి ఉండాలి. నెల సొమ్ము తర్వాతి నెల 15లోగా కట్టాలి. సంస్థ ఆలస్యం చేస్తే ఆ నెల సంఖ్య పడిపోయి తర్వాత పెరుగుతుంది. కనుక చివరి రెండు నెలల అంకెలను ఎప్పుడూ తాత్కాలికమని రాయాలి. 19 మందితో నడిచే సంస్థ ఇద్దరిని చేర్చుకుంటే 21 మంది ఒక్కసారిగా జాబితాకెక్కుతారు. కొత్త ఉద్యోగాలు రెండు, కాగితం మీద పెరుగుదల ఇరవై ఒకటి. ఈపీఎఫ్‌ఓ నెలనెలా ప్రకటించే నికర చేరికల్లో కొత్తగా చేరినవారితో పాటు ఒకచోట మానేసి ఇంకోచోట తిరిగి చేరినవారూ ఉంటారు. ఆ అంకెను "సృష్టించిన ఉద్యోగాలు" అని రాయడం తప్పు. మరో చిక్కు కాంట్రాక్టు పనివాళ్లది. ఫ్యాక్టరీ లోపల యంత్రం పక్కన నిలబడేవాడు ఫ్యాక్టరీ పీఎఫ్ కోడ్‌లో కాకుండా లేబర్ కాంట్రాక్టర్ కోడ్‌లో ఉంటాడు. ఆ కాంట్రాక్టరు కోడ్ హైదరాబాద్‌దో విశాఖదో అయి ఉంటుంది. అందుకే పెద్ద యూనిట్ల దగ్గర కాంట్రాక్టర్ల జాబితా, ఒక్కొక్కరి కింద పనివాళ్ల సంఖ్య కార్మిక శాఖ ద్వారా తెప్పించుకోండి. కాంట్రాక్టరు మారిన నెలలో వందల మంది "పోయి" మరో కోడ్‌లో "చేరితే" బెంబేలెత్తకండి. చిన్న సంస్థలకు ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) లెక్క తోడవుతుంది. అది 10 మంది నుంచే వర్తిస్తుంది, నెలకు 21,000 రూపాయల వేతనం దాకా. అంతకన్నా చిన్నవి, అంటే మన పట్టణాల్లో అత్యధికం, ఈ రెండు వలల్లోనూ పడవు. మెకానిక్ షెడ్లు, టైలరింగ్, ఫర్నిచర్, హోటళ్లకు జీఎస్టీ నమోదులు, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సుల రెన్యువళ్లు చూసి దిశ మాత్రం చెప్పగలరు, సంఖ్య చెప్పబోకండి. బీడీలు చుట్టే ఇళ్లలాంటివి మరీ వేరు. నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంట్లో కూర్చొని చేసే ఆ పనిని పని దినాలుగా లెక్కించాలి తప్ప మనుషులుగా లెక్కిస్తే పనిలేమి కనపడదు.

ఉపాధి కార్యాలయపు లైవ్ రిజిస్టరు గురించి రెండు మాటలు చాలు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో ఉద్యోగంలో ఉన్నవాళ్లుంటారు, చదువుకుంటున్నవాళ్లుంటారు. రెన్యువల్ చేసుకోని నిరుద్యోగి పేరు అందులో ఉండదు. అది నిరుద్యోగుల సంఖ్య కాదు. 1959 నాటి చట్టం కింద 25 మంది, అంతకుమించి ఉన్న ప్రైవేటు సంస్థలు మూడు నెలలకోసారి తమ ఉద్యోగుల లెక్కతో ఈఆర్-1 రిటర్ను ఇవ్వాల్సి ఉండేది. ఇచ్చిన సంస్థల పాత రిటర్నులు దొరికితే వదలకండి, ధోరణి చూడడానికి పనికొస్తాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకొని ఉపాధి కార్యాలయాల (ఎక్స్ఛేంజీల) స్థానంలో కెరీర్ సెంటర్లను తెచ్చింది. కొత్త రిటర్ను నమూనాలో వృత్తి పేరు పక్కన జాతీయ వృత్తుల వర్గీకరణలోని ఎన్‌సీఓ-2015 కోడ్ తప్పనిసరిగా రాయించుకోండి. "హెల్పర్", "ఆపరేటర్", "టెక్నీషియన్" అన్న మూడు మాటలతో నిండిన రిటర్నుతో ఏ శిక్షణా ప్రణాళిక రాయలేం.

ఇప్పుడు పెట్టుబడి ప్రకటనలు. నివేదికల్లో అతి పెద్ద అంకెలు ఇక్కడి నుంచే వస్తాయి, నమ్మదగనివీ ఇక్కడివే. ఎంఓయూలో రాసిన ఉద్యోగాల సంఖ్య సాధారణంగా అన్ని దశలూ పూర్తయ్యాక, పూర్తి సామర్థ్యంతో నడిస్తే, ప్రత్యక్షంగా పరోక్షంగా కలిపి వచ్చేది. పరోక్షం అన్న మాటకు హద్దు లేదు. నిర్మాణ దశలో వచ్చే పనులను నడిచే దశలోని ఉద్యోగాలతో కలిపేయడం మరో అలవాటు. కడుతున్నప్పుడు వెయ్యి మంది ఉంటారు, అందులో ఎక్కువమంది ఒడిశా, బిహార్, ఝార్ఖండ్ నుంచి మేస్త్రిల వెంట వచ్చినవాళ్లు. ప్లాంటు మొదలయ్యాక మిగిలేది ఆటోమేషన్‌ను బట్టి రెండు వందలో మూడు వందలో కావచ్చు.

మా పద్ధతి ఇది. ప్రతి ప్రాజెక్టుకూ ఒక వరుస రాయండి: భూమి స్వాధీనమైందా, కాలుష్య నియంత్రణ మండలి స్థాపన అనుమతి సీఎఫ్‌ఈ వచ్చిందా, కట్టడం మొదలైందా, హెచ్‌టీ (హై టెన్షన్) విద్యుత్ కనెక్షన్ తీసుకున్నారా, నడిపే అనుమతి సీఎఫ్‌ఓ వచ్చిందా, ఫ్యాక్టరీ లైసెన్సు తీసుకున్నారా. ఒట్టి ఎంఓయూ ఉంటే అంచనాలో సున్నా వేయండి. సీఎఫ్‌ఈ వచ్చి కట్టడం నడుస్తుంటే మొదటి దశ ప్రత్యక్ష ఉద్యోగాల్లో సగం, అదీ రెండేళ్ల తర్వాతి గడిలో. సీఎఫ్‌ఓ, హెచ్‌టీ కనెక్షన్ రెండూ వచ్చాక మొత్తం. ఈ పాళ్లు మా అంచనా మాత్రమే. ఐదేళ్ల కింద ప్రకటించిన ప్రాజెక్టులు ఇవాళ ఎంతమందికి పీఎఫ్ కడుతున్నాయో చూసి మీ జిల్లాకు తగ్గ పాళ్లు మీరే తేల్చుకోవచ్చు. ఆ పాత ప్రాజెక్టుల పోలికను నివేదికలో అచ్చు వేస్తే ఇంకా మంచిది. రాజకీయంగా ఇబ్బందని మాకూ తెలుసు.

గిరాకీ అంచనాలో తరచూ జారిపోయేది ఖాళీ అయ్యే పాత కుర్చీలు. ఉదాహరణకు జిల్లాలో 4,000 మంది ఎలక్ట్రీషియన్లున్నారనుకుందాం. రంగం ఏడాదికి 2 శాతం పెరిగితే కొత్త పనులు 80. వయసు మళ్లి, వలస వెళ్లి, వృత్తి మారి ఏటా 3.5 శాతం తప్పుకుంటే వారి స్థానంలో 140 మంది కావాలి. మొత్తం 220. ఎదుగుదల ఒక్కటే చూస్తే అవసరంలో దాదాపు మూడింట రెండొంతులు కనపడకుండా పోతుంది. ఎదుగుదల లేని వృత్తిలో కూడా ఏటా మనుషులు కావాలి. గేదెల డాక్టరు దగ్గరి సహాయకుడి నుంచి సబ్‌స్టేషన్ ఆపరేటర్ దాకా ఇదే లెక్క. సరఫరా వైపు కూడా ఐటీఐ సీట్లను నమ్మొద్దు. 600 సీట్లలో నిండినవెన్ని, రెండేళ్లు పూర్తిచేసి పాసైనవారెందరు, వారిలో పాలిటెక్నిక్‌కు వెళ్లేవారు, గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్లేవారెందరు అని ఒక్కో మెట్టూ తీసేస్తూ రావాలి. చివరికి జిల్లాలో పని అడిగేవారు 200 మంది తేలితే సీట్లు ఎక్కువైనట్టు కాదు. 500 తేలితే కొత్త బ్యాచ్‌కు అనుమతి అడగడం ఆపాలి. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులు, వెల్డర్ ఏడాది కోర్సు. ఈ ఏడాది గిరాకీ చూసి సీట్లు పెంచితే పిల్లలు బయటికొచ్చేది రెండేళ్ల తర్వాత. కాబట్టి అంచనా ఆ ఏడాదికి ఉండాలి.

రంగాల వారీగా బలం చూపడానికి స్థానిక సాంద్రత లెక్క తేలికైనది. జిల్లా ఉపాధిలో ఒక రంగం వాటాను రాష్ట్ర ఉపాధిలో ఆ రంగం వాటాతో భాగించాలి. జిల్లాలో 9 శాతం, రాష్ట్రంలో 3 శాతం అయితే 3 వస్తుంది. సిరిసిల్ల మరమగ్గాలు, పలాస జీడిపప్పు ఇలాంటి లెక్కలో వెంటనే పైకి తేలుతాయి. కానీ ఒక చిక్కు: సాంద్రత ఎక్కువంటే బలం మాత్రమే కాదు, ఒకే దెబ్బకు కూలే అవకాశం కూడా. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు ఆ దెబ్బ గోదావరి తీరపు రొయ్యల ప్లాంట్లకు నేరుగా తగిలింది. ఒలిచే పనిలో ఉన్నది మహిళలు. రంగం పెరిగిందా, జిల్లా పెరిగిందా అన్నది విడదీయడానికి మరో చిన్న లెక్క ఉంది. ఒక రంగంలో 10,000 మంది ఉండి 10,250 అయ్యారనుకోండి. రాష్ట్ర మొత్తం ఉపాధి 4 శాతం పెరిగితే ఆ వేగంతో 400 రావాలి. ఆ రంగం రాష్ట్రమంతటా 1 శాతమే పెరిగింది కాబట్టి 300 తీసేయాలి. మిగిలిన 100కు పైన వచ్చిన 150 మీ జిల్లా సొంతం. నెమ్మదించిన రంగంలో నిలదొక్కుకుంటున్న జిల్లా ఇలా బయటపడుతుంది.

రుతువుల సంగతి మరవకండి. మిర్చి కోతలు జనవరి నుంచి, పత్తి తీత అక్టోబరు నుంచి, జిన్నింగ్ మిల్లులు పత్తి వెంబడే. చిత్తూరు వైపు మామిడి గుజ్జు యూనిట్లు వేసవిలో రెండు మూడు నెలలు. ఇటుక బట్టీలు శీతాకాలంలో మొదలై వానలతో ఆగుతాయి. ఉపాధి హామీ గిరాకీ మే నెలలో ఉబ్బి నాట్లతో దిగుతుంది. మార్చిని డిసెంబరుతో పోల్చి "ఉపాధి పెరిగింది" అనకూడదు. మార్చిని పోయినేటి మార్చితోనే పోల్చాలి.

"ఖాళీలున్నాయి, మనవాళ్లు చేయరు" అన్న మాట ప్రతి సమావేశంలో వినిపిస్తుంది. ఆ మాట రాసే ముందు జీతాన్ని విప్పి చూడండి. ప్రకటనలో 16,000 అని ఉంటుంది, అది సీటీసీ, అంటే ఆ మనిషి మీద యాజమాన్యం పెట్టే మొత్తం ఖర్చు. అందులోనే యాజమాన్యం వాటా పీఎఫ్ ఖర్చు 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం కలిపి ఉంటే అసలు వేతనం దాదాపు 13,760. అందులోంచి కార్మికుడి వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం కోస్తే చేతికి వచ్చేది 12,000. ఊరు విడిచి వెళ్లేవాడు దాన్లోంచే హాస్టలు అద్దె, భోజనం కట్టాలి. ఊళ్లో ఉంటే ఖర్చు తప్పుతుంది, సీజన్‌లో కూలీ కలిసొస్తుంది. అతను లెక్కవేసుకొనే ఇంటి దగ్గర ఆగాడు. కాబట్టి ఖాళీల పట్టికలో మూడు గడులు చేర్చండి: చేతికొచ్చే జీతం, షిఫ్టు వేళలు, వసతి ఉందా లేదా. ఒకే సంస్థ ఒకే ఉద్యోగాన్ని మూడు నెలల్లో మూడుసార్లు ప్రకటిస్తే దాన్ని గిరాకీగా కాక మనుషులు నిలవని పనిగా నమోదు చేయండి. సెక్యూరిటీ గార్డు, డెలివరీ, టెలీకాలర్ ఖాళీలు సంఖ్యలో ఎప్పుడూ ముందుండేది ఇందుకే. వాటిని చూసి శిక్షణా బ్యాచ్ పెడితే ఆ పిల్లలూ ఆర్నెల్లకు బయటికొస్తారు.

జాబ్ మేళాల లెక్కకూ ఇదే వర్తిస్తుంది. ప్రస్తుతం వార్తలో వచ్చేది మేళాకు వచ్చినవారు, ఎంపికైనవారు. మీరు రాయాల్సినవి చేరినవారు, మూడో నెల జీతం తీసుకున్నవారు, ఏడాదికి ఉన్నవారు. దీనికి ఫోన్లు చేయించనక్కర్లేదు. ఎంపికైన రోజు అనుమతి పత్రంతో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) తీసుకుంటే మూడో నెల, పన్నెండో నెల సొమ్ము జమైందో లేదో పీఎఫ్ కార్యాలయం ఒక్క జాబితాలో చెప్పగలదు. అప్రెంటిస్‌లను మాత్రం విడిగా ఉంచండి, వారికి పీఎఫ్ ఉండదు. 30 మంది, అంతకు పైన ఉన్న సంస్థలు కాంట్రాక్టు వాళ్లతో కలిపి మొత్తం పనివాళ్లలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన. జిల్లాలో ఎన్ని సంస్థలు ఆ కనీసాన్ని అందుకోలేదో లెక్కిస్తే అప్పటికప్పుడు తెరవగలిగిన సీట్లు బయటపడతాయి. కొత్త శిక్షణా కేంద్రం కట్టడం కన్నా ఇది చవక.

నివేదిక ఎలా ఉండాలంటే, మూడు నెలలకోసారి రెండు పేజీలు. మొదటి పేజీలో ఎంచుకున్న సంస్థల పీఎఫ్ సంఖ్య, నిరుడు ఇదే నెలతో పోలిక, దశల వారీగా ప్రాజెక్టుల పట్టిక. రెండో పేజీలో పదిహేను ఇరవై వృత్తులు, ఒక్కోదానికి ఏటా కావాల్సినవారు, బయటికొచ్చేవారు, చేతికొచ్చే జీతం, ఏ మండలాల నుంచి వెళ్లిరావచ్చు. పోయినసారి వేసిన అంకె మారితే పాతది కొట్టేసి కొత్తది పక్కన వేయండి, నిశ్శబ్దంగా మార్చొద్దు. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం తయారుచేసి, పరిశ్రమల కేంద్రం, కార్మిక శాఖ, ఐటీఐ ప్రిన్సిపాళ్లు సంతకం చేస్తే, ఏ శాఖ అంకె ఎవరిదో తేలిపోతుంది. తెలుగులో ఉండాలి, ఐటీఐ, జూనియర్ కాలేజీ నోటీసు బోర్డుల మీద అతికించాలి.

మొదటి సంచిక ఐటీఐ అడ్మిషన్లకు ముందు రావాలి. పదో తరగతి ఫలితాల తర్వాత వచ్చినా పరవాలేదు, దరఖాస్తు గడువు తర్వాత వస్తే మాత్రం ఆ ఏడాదికి పనికిరాదు. అరవై సంస్థల జాబితా ఈ నెలలోనే తేల్చుకుంటే గత పన్నెండు నెలల పీఎఫ్ సంఖ్యలు వెనక్కి వెళ్లి తీసుకోవచ్చు, మొదటి పోలికకు ఏడాది ఆగనక్కర్లేదు.

ఇట్లు,
ఉపాధి లెక్కలు, ఐటీఐ నియామకాల పనిలో ఉన్న కొందరం